కుడివైపు స్టీరింగ్ ఉన్న ర్యాలీ లాడాతో ఒక ఆదివారం

ఈ బ్లాగు చదివేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. సింగపూర్ వచ్చి సెంతోసా చూశాం, నదిలో పడవ ఎక్కాం, లిటిల్ ఇండియాలో దోసె తిన్నాం, ఇంకా ఒక ఆదివారం మిగిలింది, ఏం చెయ్యమంటారు అని. ఇన్నాళ్ళూ ఏదో ఒక తోట పేరు చెప్పి తప్పించుకున్నాను. ఈసారి నా దగ్గర సరైన జవాబే ఉంది. కాకి బుకిట్ అనే పేటలో వర్క్‌షాపుల మధ్య ఒక షట్టర్ వెనకాల సోవియట్ కాలపు లాడా కారు ఒకటి ఉంది. సోవియట్ దేశంలో బంగాళాదుంపల బస్తాలు, పిల్లలు, అమ్మమ్మలు అందరూ ఇరుక్కుని తిరిగిన నాలుగు తలుపుల మామూలు కుటుంబం కారే అది. కాని ఈ ఒక్కదాన్ని మాత్రం మట్టిదారుల మీద జరిగే ర్యాలీ పందేల కోసం తీర్చిదిద్దారు. దాన్ని చూడ్డానికి ఎలా వెళ్ళాలో, ఎంతవుతుందో, తర్వాత ఎక్కడ తినాలో రాస్తాను. అయితే నేను బయల్దేరింది కారు కోసం కాదని ముందే చెప్పడం న్యాయం. నేను వెళ్ళింది మా అమ్మాయి మనసు మార్చడానికి.

మా తన్వికి పదహారు నిండాయి. మన పదో తరగతి లాంటి పరీక్ష ఫలితాలు ఇక్కడ జనవరిలో వస్తాయి. వచ్చిన కొద్ది రోజుల్లోనే జూనియర్ కాలేజీయా, పాలిటెక్నిక్కా తేల్చుకుని, కావలసిన కోర్సులన్నీ వరసక్రమంలో ఆన్‌లైన్‌లో పెట్టెయ్యాలి. తన్వికి మంచి మార్కులే వచ్చాయి. మాకు తెలిసిన తెలుగువాళ్ళ పిల్లలందరిదీ ఒకటే దారి, జూనియర్ కాలేజీ, ఆ తర్వాత యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్. తన్వి మాత్రం పాలిటెక్నిక్‌లో ఆటోమోటివ్ ఇంజనీరింగ్ అంది. అలిగి కాదు, అరిచి కాదు, పెరుగన్నం కలుపుకుంటూ మామూలుగా అంది. ఆ మామూలుతనమే నన్ను ఎక్కువ భయపెట్టింది. "కారే కొనుక్కోలేని దేశంలో కార్ల చదువేంటే" అన్నాడు మా ఆయన శ్రీకాంత్. ఇక్కడ కొన్నిసార్లు కారు కన్నా దాన్ని రోడ్డెక్కించే అనుమతికే ఎక్కువ డబ్బు పొయ్యాలి, అదీ పదేళ్ళకే. "అందుకే నాన్నా, ఉన్నవాటిని బాగా చూసుకోవాలి" అంది తన్వి. గడువు మంగళవారం.

నేను వన్-నార్త్ అనే ఆఫీసుల పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. మహమ్మారి తర్వాత ఐటీ ఉద్యోగాలు వరదలా పొంగుతున్న రోజులివి. లిఫ్టు ఎక్కితే మాస్కుల పైన అన్నీ కొత్త కళ్ళే. ఒక కంపెనీలో చేరేలోపే ఇంకో కంపెనీ పిలుపు. నిజమే, నేను డిగ్రీ పూర్తి చేసేనాటి వరదనూ చూశాను, అది ఇంకిపోవడమూ చూశాను. కాని వరద పారుతున్నప్పుడు ఇంకిపోవడం గురించి ఎవరు ఆలోచిస్తారు? పైగా రేపు కార్లన్నీ కరెంటువే అవుతాయంటున్నారు. అప్పుడు ఈ పిల్ల చదివిన చదువు ఏమవుతుంది? నాకు ఇలాంటి ప్రశ్నలు వేసుకోవడం అలవాటు. జవాబు దొరక్కముందే ఇంకో ప్రశ్న వేసుకోవడం కూడా అలవాటే.

అప్పుడు గుర్తొచ్చాడు లిమ్ అంకుల్. పుంగ్గోల్‌కి మారకముందు మేం హౌగాంగ్‌లో అద్దెకున్నప్పుడు ఆయనది ఎదురు ఫ్లాటు. ఒక బ్యాంకు కంప్యూటర్ విభాగంలో జీవితమంతా ప్రోగ్రాములు రాసి రిటైరయ్యాడు. ఆయనకి ఒక పాత ర్యాలీ కారుందని, దాన్ని కాకి బుకిట్‌లో స్నేహితుడి వర్క్‌షాపులో పెడతాడని విన్నాను గాని ఎప్పుడూ చూడలేదు. ఉద్యోగం కంప్యూటర్లలో, సరదా కార్లలో. నాకు కావలసిన ఉదాహరణ అచ్చంగా ఇదే. ఫోన్ చేసి చూడ్డానికి రావచ్చా అని అడిగాను. తర్వాత విడిగా ఒక మెసేజ్ పెట్టాను: అంకుల్, మా తన్వికి మీరే చెప్పాలి, చదువు కంప్యూటర్లు, కార్లు శని ఆదివారాలకి అని. ఆయన బొటనవేలు బొమ్మ ఒకటి పంపాడు. ఆ బొమ్మ చూసి నాకు ఎంత ధైర్యం వచ్చిందంటే, శ్రీకాంత్‌ని ఇంట్లో ఉండమని, మేమిద్దరమే వెళ్తామని చెప్పాను.

పుంగ్గోల్ నుంచి కాకి బుకిట్‌కి రెండు చోట్ల రైలు మారాలి. ఊదారంగు లైనులో సెరంగూన్‌దాకా వెళ్ళి, అక్కడ సర్కిల్ లైను ఎక్కి మాక్‌ఫర్సన్‌లో దిగి, డౌన్‌టౌన్ లైనులో రెండో స్టేషన్. ఇంటి దగ్గర చిన్న ట్రామ్‌తో కలిపి గంటకి కొంచెం తక్కువ పడుతుంది, టికెట్టు మనిషికి రెండు డాలర్ల లోపే. మేం ఎనిమిదింటికి బయల్దేరాం. ఆదివారం పొద్దున్న కాబట్టి సీట్లు దొరికాయి. తన్వి దారంతా ఫోన్‌లో ఈ కార్ల గురించే చదువుతూ నాకూ చెబుతూ వచ్చింది. ఆ నలుచదరపు లాడా అసలు ఇటలీ కుటుంబం కారు ఒకదానికి సోవియట్ చెల్లెలట. వాళ్ళ రోడ్ల గుంతల కోసం రేకు మందం చేసి, కాస్త ఎత్తు లేపారట. ఆ మామూలు కారు నుంచే రకరకాల వింతలు పుట్టాయట. బయటికి ఏమీ తెలియకుండా లోపల పిస్టన్లు లేని రోటరీ ఇంజిన్ పెట్టి పోలీసులకి ఇచ్చినవి కొన్ని. లిథువేనియాలో, విల్నియస్ నగరంలో ఒక చిన్న వర్క్‌షాపులో ర్యాలీల కోసం చేసినవి కొన్ని. "షాపులో కొన్నదానికి అరవై చిల్లర గుర్రాల బలం అమ్మా. విల్నియస్‌లో చేసినదానికి నూట అరవై. సేమ్ ముఖం, కెన్ యు ఇమాజిన్?" అంది. నేను ఊహించుకోలేదు. సాయంత్రంలోపు ఈ సంభాషణని కంప్యూటర్ల వైపు ఎలా తిప్పాలా అని ఆలోచిస్తున్నాను.

స్టేషన్ నుంచి పదినిమిషాల నడక. ఎండ అప్పుడే ఎక్కుతోంది. ఆ వీధులు మామూలు రోజుల్లో అయితే నడవడానికి చోటుండదు, ఆదివారం మాత్రం షట్టర్లు సగానికి పైగా మూసి ఉంటాయి. రెండో అంతస్తులో ర్యాంపు పైన లిమ్ అంకుల్ నిక్కరు, బనియను, మెడలో తువ్వాలుతో ఎదురొచ్చాడు. ఆయన మాట్లాడేది ఇక్కడి ఇంగ్లీషే, నేను తెలుగులో రాస్తున్నాను, మాట చివర తగిలించే ఆ 'లా'లు మాత్రం వదల్లేకపోయాను.

"సుధా, నువ్వు ఇంకా సన్నబడ్డావ్, ఆఫీసులో మకాన్ పెట్టట్లేదా?" అన్నాడు. మకాన్ అంటే తిండి. తర్వాత తన్వి వైపు చూసి, "నువ్వు నా గుమ్మం ముందున్న చెప్పులు దాచిపెట్టేదానివి, గుర్తుందా?"

"అంకుల్, దట్ వజ్ నాట్ మీ లా."

"ఇంకెవరు, మీ అమ్మా?"

కారు ఎర్రగా ఉంది, బానెట్ మీద తెల్ల చారలు. చక్రాల మీద రేకు బయటికి ఉబికి, చంకల్లో బుట్టలు ఇరికించుకుని నిలబడ్డ మనిషిలా అనిపించింది. అంతకు మించి చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. చతురస్రపు హెడ్‌లైట్లు, చిన్నపిల్లలు గీసే కారు బొమ్మ లాంటి ఆకారం. నాకు కొంచెం నిరాశగానే అనిపించింది. అంకుల్ అది కనిపెట్టాడు. "చాలామంది ఇలాగే చూస్తారు. వీళ్ళ నాన్న పాత కారేమో అనుకుంటారు. నిజమే, ఇది మా నాన్న కారే." ఎనభైల్లో ఈ లాడాలు సింగపూర్‌లోనూ అమ్మేవారట. నాన్న కొన్న కారుకి, అప్పట్లో మలేషియా రబ్బరు తోటల్లో ర్యాలీలు ఆడే స్నేహితుల ద్వారా విల్నియస్ వర్క్‌షాపు సామాన్లు తెప్పించి ఆయన మార్పించాడు. "పుస్తకాల్లో ఉండే అసలు ర్యాలీ లాడా కాదు ఇది, దాని తమ్ముడు. అసలువన్నీ ఎడమ స్టీరింగువి, ఇక్కడ రోడ్డెక్కనివ్వరు. విల్నియస్‌లో ఎన్ని చేశారో వాళ్ళకే సరిగ్గా తెలీదు. కుడి స్టీరింగుది మాత్రం, నాకు తెలిసి, ఇదొక్కటే."

అందులో ఒక చిక్కుంది, తన్వి వెంటనే బానెట్ లోపలికి వంగి పట్టుకుంది. ఈ ఇంజిన్‌కి గాలీ పెట్రోలూ కలిపే కార్బరేటర్లు కుడివైపు ఉంటాయి. స్టీరింగు కూడా కుడివైపుకొస్తే ఆ రెండూ ఒకే చోటు కోసం కొట్టుకుంటాయి. అందుకని వంకర తిరిగిన పైపొకటి ఇక్కడే ప్రత్యేకంగా చేయించారట. మామూలు కారుకి ఒక కార్బరేటరుంటే దీనికి రెండు, ఒక్కోదానికి రెండేసి నోళ్ళు, ముందుది ఇంజిన్ ముందు సగానికి, వెనకది వెనక సగానికి. ఆ రెండూ సమానంగా గాలి పీల్చాలి, లేకపోతే ఇంజిన్ కుంటుతుంది. పాత పద్ధతిలో దాన్ని సరిచేసేది చెవితో. ఒక రబ్బరు గొట్టం చివర చెవిలో పెట్టుకుని, రెండో చివర ఒక్కో నోటి దగ్గరా పెట్టి, బుస ఒకేలా వచ్చేదాకా స్క్రూ తిప్పుతారు.

"నా కుడి చెవి రిటైరైంది. ఎడమది కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. నువ్వు విను" అని గొట్టం తన్వి చేతికిచ్చాడు అంకుల్.

ఆ రోజుకి ఎందుకంత తొందరో కూడా చెప్పాలి. ఇలాంటి పాత కార్లని ఏడాదిలో కొన్ని రోజులే రోడ్డు మీదికి తియ్యనిస్తారు, ఏ రోజుకా రోజు ముందుగా అనుమతి తీసుకోవాలి. అంకుల్ మా కోసం ఆ ఆదివారానికి తీసుకున్నాడు. కారు కదిలినా కదలకపోయినా ఆ రోజు ఖర్చయినట్టే. మమ్మల్ని పాత అప్పర్ థామ్సన్ రోడ్డుకి తీసుకెళ్తానన్నాడు. నేను ఆ ప్రయాణంలోనే ఆయన సలహా చెప్పిస్తే బాగుంటుందని లెక్కేసుకున్నాను.

ఇంజిన్ మొదలైంది. షాపులో కొన్న కార్లలా గుర్రుమనలేదు, గొంతు సవరించుకుని తిట్టడానికి సిద్ధమైన మనిషిలా ఉంది ఆ శబ్దం. తన్వి గొట్టం చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. అంకుల్ ఏ స్క్రూయో వేలితో చూపించాడు, ఆ చప్పుడులో ఏం చెప్పాడో నాకు వినపడలేదు. కాసేపు బాగానే నడిచింది. తర్వాత తన్వి స్క్రూడ్రైవర్ కొంచెం పక్కకి జరిపి ఇంకేదో తిప్పింది. ఇంజిన్ రెండుసార్లు దగ్గింది, వెనక పైపులోంచి నల్లటి పొగ వచ్చింది, ఆగిపోయింది. మళ్ళీ తాళం తిప్పితే కిర్రుమని తిరిగిందే గాని అందుకోలేదు. పెట్రోలు వాసన షట్టర్‌దాకా వచ్చింది. అంకుల్ తాళం తీసేశాడు. బ్యాటరీ పాతదని, ఇంకో రెండు మూడు ప్రయత్నాలకి మించి ఓపిక ఉండదని నాతో అన్నాడు.

ఇక్కడ నా మనసులో ఏం జరిగిందో దాచకుండా రాస్తాను, ఎందుకంటే ఈ ప్రయాణమంతా ఆ పావుగంట మీదే తిరిగింది. నాకు మొదట అనిపించింది జాలి కాదు, ఊరట. ఇప్పుడు తెలిసొస్తుందిలే అనుకున్నాను. చేతులు నల్లబడటం ఫోన్‌లో వీడియోలు చూసినంత సులువు కాదని తనే అంటుంది, నేనేమీ అనక్కర్లేదు. "పోనీలే, టాక్సీలో వెళ్ళి రోడ్డు చూసొద్దాం" అన్నాను కూడా.

తన్వి నా వైపు చూడలేదు. "అంకుల్, మీరు చూపించింది ఇది. నేను దాని పక్కది తిప్పాను. సారీ" అంది.

"ఎంత తిప్పావ్?"

"గుర్తులేదు."

అంకుల్ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "నేను కింద కాఫీ తాగొస్తాను. ప్లగ్గుల పానా రెండో అరలో ఉంది" అని ర్యాంపు దిగి వెళ్ళిపోయాడు.

తన్వి ఏడుస్తుందేమో అనుకున్నాను. తను వెళ్ళి పానా తెచ్చి నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పింది. పాత చైనీస్ దినపత్రిక పరిచి, ఏది ఏ స్థానంలోదో తారుమారు కాకుండా వరసలో పెట్టింది. ముందు రెండూ తడిసి మసిబారి ఉన్నాయి. వెనక రెండూ బిస్కెట్టు రంగులో పొడిగా ఉన్నాయి. వాటికేసి చాలాసేపు చూసింది. "అమ్మా, చూడు. వెనక కార్బరేటర్‌కి ఏం కాలేదు. నేను పాడుచేసింది ముందుదాన్నే" అంది. ఆ గొంతులో భయం పోయింది. ముందు రెండు ప్లగ్గుల్నీ ఇత్తడి బ్రష్‌తో రుద్ది తుడిచింది. వెనక కార్బరేటర్ మీద, తను పొరపాటున తిప్పినదానికి జతగా ఉన్న స్క్రూని మెల్లగా మొత్తం లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లు పడుతోందో పైకే లెక్కపెట్టింది. మళ్ళీ అన్నే చుట్లు బయటికి తిప్పింది. ముందుదాన్నీ పూర్తిగా మూసి, అదే లెక్కకి తెచ్చింది. ఆ తర్వాత అంకుల్ చూపించిన స్క్రూ తప్ప ఇంకేదీ ముట్టుకోలేదు.

ఇరవయ్యేళ్ళుగా నా ఉద్యోగం ఇంకొకరి తప్పులు పట్టుకోవడం. తప్పు చూపించగానే మనుషులు ఏం చేస్తారో నాకు బాగా తెలుసు. నా మెషీన్‌లో పనిచేస్తోంది అంటారు. ఎవరో మార్చారంటారు. కంగారులో నాలుగు చోట్ల మార్చేసి, ఏది దేనివల్ల జరిగిందో ఎవరికీ తెలియకుండా చేస్తారు. పాడైపోయినదాని ముందు కూర్చుని, పాడవనిదాన్ని పక్కన పెట్టుకుని, ఒక్కొక్కటే మార్చుకుంటూ వెళ్ళేవాళ్ళు నా బృందాల్లో ఇప్పటికి ముగ్గురో నలుగురో. అలాంటివాళ్ళని మేం వదులుకోం. లెక్కల ట్యూషన్‌లో ఒక తప్పు వస్తే పెన్సిల్ విసిరేసే నా కూతురు ఆ ముగ్గురు నలుగురిలా కూర్చోగలదని నాకు ఆ రోజుదాకా తెలీదు. తెలిశాక నాకు సంతోషం కన్నా ముందు అయోమయం వచ్చింది. ఇది కంప్యూటర్లలోనూ పనికొస్తుంది కదా అని లోపల ఒక గొంతు. మరి అక్కడ ఇలా కూర్చోలేదేం అని ఇంకో గొంతు.

అంకుల్ పైకొచ్చి, పేపరు మీది మరకలు చూసి, తాళం తన్వికే ఇచ్చాడు. మొదటిసారి అందుకోలేదు. రెండోసారి అందుకుంది.

పదిన్నరకి బయల్దేరాం. తన్వి ముందు, నేను వెనక. ర్యాలీ రోజుల్లో లోపల ఇనప కడ్డీల పంజరం ఉండేదట, రోడ్డు మీద తిప్పడానికి అది తీసేసి వెనక సీటు మళ్ళీ పెట్టించాడు. ఏసీ లేదు. కిటికీలు దించితే చప్పుడు, ఎత్తితే ఉడుకు. బార్ట్‌లీ రోడ్డు, బ్రాడెల్ రోడ్డు మీదుగా అరగంట లోపు ప్రయాణం. నూట అరవై గుర్రాలూ ఎర్రలైట్ల దగ్గర బుద్ధిగా నిలబడ్డాయి. ఒక చోట పక్కన ఆగిన టాక్సీ డ్రైవరు అద్దం దించి, కారునీ వెనక సీట్లో నన్నూ మార్చి మార్చి చూసి, "ఇదేం కారు, ఇండియాదా?" అని అడిగాడు.

"కారు రష్యాది. ప్యాసింజర్ ఇండియా" అన్నాడు లిమ్ అంకుల్.

"మీటరు వేశావా?"

"ఆమె టెస్టింగ్ లా. మీటర్నే అనుమానిస్తుంది."

పాత అప్పర్ థామ్సన్ రోడ్డు మీకు కారు లేకపోయినా నడిచి చూడదగ్గది. ఒకప్పుడు ఇక్కడ కార్ల పందేలు జరిగేవి. ఇప్పుడు అడవిలోంచి ఒకే వైపు వెళ్ళే సన్నటి దారి, పక్కన నడిచేవాళ్ళకి బాట, మలుపు మలుపుకీ కోతులు. అంకుల్ నెమ్మదిగానే నడిపాడు. నలభై దాటలేదు. అయినా మలుపుల్లో కారు నేలని పట్టుకున్న తీరు నా వెన్నుకి తెలిసింది. ఇంతసేపూ కుంటుకుంటూ వచ్చిన ముసలాయన మెట్లు చూడగానే రెండేసి ఎక్కినట్టు ఉంది. ఒక కోతి రోడ్డు మధ్యలో కూర్చుని లేవలేదు. అంకుల్ ఆపి, అది లేచేదాకా ఆగాడు. "రబ్బరు తోటల్లో ఆవులు అడ్డొచ్చేవి" అంటూ ఒక కథ. వర్షంలో దారి తప్పి ఎవరి పెళ్ళి పందిట్లోకో కారుతో వెళ్ళిపోయిన కథ ఇంకొకటి. తన్వి నవ్వుతూనే ఒక చెవి ఇంజిన్ వైపు పెట్టి ఉంది.

రోడ్డు చివర స్ప్రింగ్‌లీఫ్ స్టేషన్ దగ్గర ప్రాటా దుకాణాలున్నాయి. మన పరోటా లాంటిదే, ఇంకొంచెం పల్చగా, కరకరలాడుతూ. ఆదివారం పన్నెండు లోపు వెళ్ళకపోతే బల్ల దొరకదు. బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి తన్వి చోటు 'చోప్' చేసింది, అంటే మనం బస్సు సీట్లో తువ్వాలు వేసినట్టు. పెనం దగ్గరున్న తమిళాయన నన్ను చూసి, "అక్కా, ముట్టైయా, సాదావా?" అన్నాడు. గుడ్డువి మూడు, సాదావి రెండు, మూడు టీలు. పదిహేను డాలర్ల లోపే అయింది.

రెండో ప్రాటా మధ్యలో లిమ్ అంకుల్ మాట నిలబెట్టుకున్నాడు. "తన్వి, మీ అమ్మ చెప్పేది నిజమే. నేను ఏసీ ఆఫీసులో పనిచేశాను. ఫ్లాటు కొన్నాను, ఇద్దరు పిల్లల్ని చదివించాను. కారు శని ఆదివారాలకి. కంప్యూటర్లు తీసుకో."

నేను పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నాను. తన్వి టీ చల్లార్చుకుంటూ, "పొద్దుట్నుంచి మీరు ఆఫీసు కథ ఒక్కటి కూడా చెప్పలేదు కదా అంకుల్" అంది.

ఆయన నవ్వాడు. "ఉన్నాయి లా. నువ్వు అడగలేదు." నిజంగానే ఒకటి చెప్పాడు. చైనీస్ కొత్త సంవత్సరానికి జనం కొత్త నోట్లే కావాలంటారు. కొత్త నోట్లు ఒకదానికొకటి అంటుకుని, డబ్బు తీసే మెషీన్లు గందరగోళపడి ఆగిపోయేవట. దాన్ని సరిచెయ్యడానికి ఆయన బృందం వారాల తరబడి కూర్చుంది. పండగ ముందు రోజు ఆయన ఒక మెషీన్ పక్కన ఊరికే నిలబడి చూశాడు. ఒక ముసలామె నోట్లు తీసుకుని, వాసన చూసి, మెషీన్‌కి తల వంచి నమస్కారం పెట్టింది. "ఆ పూట నాకు ర్యాలీ గెలిచినట్టే ఉంది" అన్నాడు. ఆయన కళ్ళు చూస్తే అది అబద్ధం కాదని తెలుస్తోంది. నేను ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడాయన ఇంకో మాట అన్నాడు. "కంప్యూటర్లు మా నాన్న చెప్పాడని తీసుకున్నాను. తర్వాత ఇష్టమొచ్చింది. నాతో చేరినవాళ్ళలో చాలామందికి రాలేదు. నాది లక్ లా, తెలివి కాదు."

నేను చెప్పించిన సలహా నేను అడిగినట్టే వచ్చింది. దాని చివర ఆయన కలిపిన ఆ ఒక్క మాటతో నా వాదన నిలబడేచోటు లేకుండా పోయింది. అందరం వరదలోకి దూకమనే చెబుతున్నాం, దూకాక ఈత ఇష్టపడతారని మనకెవరు చెప్పారు?

అంకుల్ కారు తిరిగి పెట్టెయ్యాలని వెళ్ళిపోయాడు. మేం స్ప్రింగ్‌లీఫ్‌లో రైలెక్కాం. ఇక్కడినుంచి కాల్డికాట్‌లో మారి, సర్కిల్ లైనులో సెరంగూన్, అక్కడినుంచి పుంగ్గోల్. కూర్చోగానే అన్నాను, "తన్వీ, అంకుల్‌తో ఆ మాటలు నేనే చెప్పించాను."

"తెలుసమ్మా. బానెట్ దగ్గరే చెప్పేశారు. మీ అమ్మ మెసేజ్ పెట్టింది, తినేటప్పుడు చెప్తాను, నువ్వు కొత్తగా విన్నట్టు ముఖం పెట్టు అన్నారు."

నాకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. మాస్కు ఉండటం మంచిదైంది. "మరి కార్లన్నీ కరెంటువైపోతే?"

"వాటికీ చక్రాలుంటాయి లా. పాడవుతాయి కూడా."

సెరంగూన్‌లో రైలు మారాం. తర్వాత అడిగాను, "వరసలో ఏం పెట్టావ్?"

"ఫస్ట్ ఆటోమోటివ్. సెకండ్ కంప్యూటర్ ఇంజనీరింగ్." మాస్కు సర్దుకుంటూ, "రెండోది నీకోసం" అంది.

"నాకోసం పెట్టకు. రెండోది కూడా నీకేది కావాలో చూసుకుని పెట్టు."

తను నా వైపు తిరిగి, నేను వెనక్కి తీసుకుంటానేమో అన్నట్టు కాసేపు చూసింది. తీసుకోలేదు. గోళ్ళ కింద ఇంకా నల్లగా ఉన్న వేళ్ళతో ఫోన్ తీసి, ఏరోస్పేసా, రోబోటిక్సా అని నన్నే అడగడం మొదలుపెట్టింది. నాకు ఏ ఒక్కదాని గురించీ ఏమీ తెలీదు. పుంగ్గోల్ వచ్చేదాకా తనే చెప్పింది, నేను విన్నాను.

ఇది రాస్తున్నప్పటికి మంగళవారం దాటింది. సరైన పని చేశానా అంటే ఇప్పటికీ తెలీదు. శ్రీకాంత్ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, మా స్నేహితుల ఇళ్ళల్లో ఈ విషయం ఎలా చెప్పాలో నేనింకా ఆలోచించుకోలేదు. ఎప్పుడో ఒక రోజు ఈ నిర్ణయం తప్పని తేలొచ్చు. కాని ఆ దినపత్రిక మీద నాలుగు ప్లగ్గులు పెట్టుకుని కూర్చున్న పిల్లని చూశాక, తప్పు జరిగితే ఏమవుతుందోనన్న భయం నాకు సగానికి తగ్గింది. పిల్లలు తప్పు దారిలో వెళ్ళకుండా చూడటమే నా పని అనుకున్నాను ఇన్నాళ్ళూ. వెళ్ళినా తిరిగి రాగలరో లేదో చూడటం ఇంకాస్త తేలిక, ఇంకాస్త ఉపయోగం. ఒక మామూలు కుటుంబం కారులో అంత బలం దాగి ఉందని కనిపెట్టినవాళ్ళు కూడా మొదట ఎన్ని ఇంజిన్లు పాడుచేసి ఉంటారో అనిపిస్తోంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క సూచన. కాకి బుకిట్‌లో, దాని పక్కనే ఊబి అనే పేటలో పాత కార్లు ఉంచే వర్క్‌షాపులు చాలానే ఉన్నాయి, ఆదివారం పొద్దున్న తొమ్మిది, పది మధ్య వెళ్ళి మర్యాదగా అడిగితే ఎవరో ఒకరు చూపిస్తారు. మీతో పిల్లలుంటే మాత్రం వాళ్ళని లోపలికి పంపి, మీరు ఏదో ఒక వంకతో కింద కాఫీ కొట్లో అరగంట కూర్చోండి. వాళ్ళు పిలిచేదాకా పైకి వెళ్ళకండి.